ఆరు తప్పులు

పిన్ని ఐదో ప్రశ్న అడిగే లోపలే పాప ఆరోదానికి జవాబు చెప్పేసింది.

"పుట్టినప్పుడు బరువు తక్కువ టీచర్. రెండు కిలోలు. దాని తర్వాతది నడక కదా, అది ఆలస్యం. ఆ కిందది భయాలు. కుక్కలు, ఉరుములు."

చెప్పి, పిన్ని రాసుకునేదాకా ఓపిగ్గా ఆగింది. వరండా చివర చేతులు కడుక్కునే కుళాయిల పక్కన రెండు చిన్న కుర్చీలు వేసుకుని కూర్చున్నారిద్దరూ. పిన్ని ఒళ్ళో నాలుగు పేజీల ఫారం, అందులో నలభై ప్రశ్నలు. ఎనిమిదేళ్ళ పిల్లని ఎలా మాటల్లో పెట్టాలా, బెదిరిపోకుండా ఎలా అడగాలా అని పిన్ని ముందురోజంతా తల బద్దలు కొట్టుకుంది. ఇక్కడ చూస్తే ఆ పిల్లే ఫారం నింపేసేలా ఉంది. ముందు పన్ను ఊడిన సందులోంచి గాలి పోతున్నా ఎక్కడా తడబడకుండా, తల్లి లాండ్రీలో చేసే పని దగ్గర్నుంచి ఇష్టమైన రంగు దాకా వరసగా అప్పజెప్పింది. ముప్ఫై రెండో ప్రశ్నకి మాత్రం జవాబు మారిందని, తమ్ముడు పుట్టాడు కాబట్టి ఇప్పుడు తోబుట్టువులు ఇద్దరని రాసుకోమంది.

ఈ పిన్ని ఎవరికీ నిజంగా పిన్ని కాదు. టైలరింగ్ షాపులో పదేళ్ళు కాజాలు కుట్టి, ముప్ఫై మూడో ఏట పంతులమ్మ అవుదామని శిక్షణ కాలేజీలో చేరింది. బ్యాచ్‌లో మిగతావాళ్ళంతా ఇరవై దాటని పిల్లలు. చేరిన రెండో రోజే ఎవరో పిన్నీ అన్నారు, అదే ఖాయమైపోయింది. ఆఖరికి లెక్చరర్ మేడమ్ కూడా హాజరు పిలుస్తూ ఒకసారి పిన్ని అనేసి నాలుక కరుచుకుంది. ఇప్పుడు రెండో ఏడు. నలభై రోజుల టీచింగ్ ప్రాక్టీసుకి ఈ స్కూల్లో పడేశారు. పాఠాలు చెప్పడం అయింది, చార్టులు గీయడం అయింది, మిగిలిందల్లా కేస్ స్టడీ ఒక్కటే.

కేస్ స్టడీ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చదువులో వెనకబడ్డ పిల్లనొకదాన్ని ఎంచుకోవాలి. ఆ పిల్ల పుట్టుపూర్వోత్తరాలు రాయాలి. ప్రీ టెస్ట్ అని ముందొక పరీక్ష పెట్టి ఏం రాదో తేల్చాలి. నాలుగు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పి, పోస్ట్ టెస్ట్ అని మళ్ళీ పరీక్ష పెట్టాలి. రెండింటి మార్కులకీ మధ్య ఎంత తేడా ఉంటే రికార్డు అంత బాగున్నట్టు. మూడో తరగతి టీచరమ్మ రెండో ఆలోచన లేకుండా ఈ పాపని అప్పగించింది. మా కేసుని తీసుకోవమ్మా, దానికి అలవాటే, నీకు శ్రమ ఉండదు అంది. స్కూల్లో పాపని అందరూ కేసు అనే పిలుస్తారు. పాప పలుకుతుంది కూడా.

ఫారం అయిపోయాక పిన్ని పరీక్ష కాగితం తీసింది. పది తీసివేత లెక్కలు. స్కేలు లేకుండానే ఎంత తిన్నగా గీసిందో గడులు, అవి కాజాలు కుట్టిన చేతులు. పాప పెన్సిలు చెక్కుకుని, మొన మీది పొడి ఊదేసుకుని, లెక్కలన్నీ ఒకసారి పైనుంచి కింద దాకా చూసింది.

"ఎన్ని తప్పులు కావాలి టీచర్?"

పిన్ని చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది. అదేంటమ్మా, తప్పులు కావాలనడమేంటి అంది. పాప ఈవిడకిది మొదటిసారి కాబట్టి తెలీదు పాపం అన్నట్టు చూసి, విడమరిచి చెప్పింది. మొన్న వానాకాలంలో వచ్చిన టీచర్‌కి ఆరు. ముందు ఏడాది వచ్చిన టీచర్‌కి ఏడు. ఎనిమిదైతే మేడమ్ నమ్మదు. మూడైతే రికార్డు బాగుండదు.

"ఒకే రకం తప్పు చెయ్యాలి టీచర్. రకరకాలుగా చేస్తే మీకు రాయడం కష్టం."

ఇవన్నీ ఎవరు చెప్పారే నీకు అనడిగింది పిన్ని. పాప మొదట నసిగింది. తర్వాత నెమ్మదిగా బయటపడింది. ఒకటో తరగతిలో జ్వరమొచ్చి రెండు నెలలు బడికి రాలేదట. అప్పుడొచ్చిన టీచర్ నిజంగానే నేర్పిందట, కట్టలు కట్టిన పుల్లలతో. బాగా నేర్పింది టీచర్, నాకొచ్చేసింది అంది పాప. ఆ తర్వాత రెండో తరగతిలో ఇంకో టీచర్ వచ్చి పరీక్ష పెడితే పదీ రైటు చేసింది. రైటు చేస్తే మెచ్చుకుంటారనుకుంది పిచ్చిది. ఆ టీచర్ ఇదిగో ఈ కుళాయిల దగ్గరే నిలబడి ఏడ్చిందట. ఇంకో పిల్లని వెతుక్కునే టైము లేదు, మేడమ్ ఫెయిల్ చేసేస్తుంది, కొన్ని తప్పులు చెయ్యవే బంగారం అని బతిమాలిందట. చేస్తే సువాసనొచ్చే రబ్బరు ఇచ్చింది. నాలుగు రోజులు పోయాక పదీ రైటు చెయ్యమని, అప్పుడు రంగు పెన్సిళ్ళు ఇచ్చింది.

ఈసారి వచ్చినవి వచ్చినట్టు చెయ్యి అంది పిన్ని. పాప రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని మొదలుపెట్టింది. యాభై రెండులోంచి ఇరవై ఏడు. రెండులోంచి ఏడు పోదని ఐదు మీద సన్నగా గీత కొట్టి పైన నాలుగు వేసింది, రెండు పక్కన ఒకటి పెట్టి పన్నెండు చేసుకుంది, ఇరవై ఐదు రాసింది. వేళ్ళు లెక్కపెట్టలేదు, దిక్కులు చూడలేదు. పది లెక్కలూ అయ్యేసరికి కుళాయి దగ్గర ఒక వరస పిల్లలు చేతులు కడుక్కోవడం కూడా పూర్తి కాలేదు. పదికి పది.

*

మర్నాడు పిన్ని స్టాఫ్ రూములో బీరువా తెరిపించుకుంది. అడుగు అరలో పాప మీద రాసిన రికార్డులు నాలుగున్నాయి. మొదటి దాంట్లో అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా మనిషి కూర్చుని రాసినట్టుంది. మిగతా మూడూ ఒకదాంట్లోంచి ఒకటి ఎత్తి రాసినవి. 'ఈ విద్యార్థిని మంద అభ్యాసకురాలు. పైనున్నా కిందున్నా పెద్ద అంకెలోంచే చిన్న అంకెను తీసివేయుచున్నది.' ఎత్తి రాయడం కూడా చేతకాక ఒకదాంట్లో విద్యార్థిని కాస్తా విద్యార్థి అయిపోయి, తిరిగి విద్యార్థిని అయింది. ప్రతిదాని చివరా మూడు, నాలుగుల నుంచి పదికి ఎదిగిన మార్కుల గ్రాఫు, దాని కింద మేడమ్ సంతకం, బాగుంది అని ఒక్క ముక్క.

టీచరమ్మ మంచిదే. ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. యాభై మంది పిల్లలతో ఆవిడకి తల ప్రాణం తోకకొస్తుంది రోజూ. పిన్ని పాప క్లాసు నోటుపుస్తకం చూపించమంటే వెతికి ఇచ్చింది. ఆ పుస్తకంలో ఎక్కడా ఎర్ర ఇంకు లేదు. రైటు గుర్తూ లేదు, ఇంటూ లేదు. జూన్ నుంచి రాసిన లెక్కలన్నీ ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. పిన్ని నిలబడే నాలుగు పేజీలు సరిచూసింది, ఒక్కటీ తప్పు పోలేదు. ఇదేమిటండీ అంటే, దానికి రాదు కదా పాపం, ఎర్ర ఇంకుతో దాని మనసు కష్టపెట్టడమెందుకని నేనే దిద్దడం మానేశాను అంది టీచరమ్మ. చాలా ప్రేమగా అంది.

అసలు సంగతి అప్పుడు చెప్పింది. వరండా ఆ చివర, ఆటసామాను గది పక్కన ప్రత్యేక తరగతి అని ఒకటుంది. పదకొండు మంది పిల్లలు, ఒక ఆయా. రబ్బరు దిమ్మలు పేరుస్తారు, బొమ్మలకి రంగులేస్తారు, గంట కొడితే ఇంటికెళతారు. అందులోకి వెళ్ళిన పిల్లలు తిరిగి మామూలు తరగతికి వచ్చింది ఇంతవరకూ లేదు. ఈ ఏడాది ఇంకో నలుగుర్ని పంపాలి. హెడ్మాస్టారు శుక్రవారం మధ్యాహ్నానికి లిస్టు ఖాయం చేస్తారు. అందులో పాప పేరు మొదట రాసి ఉంది. ఆయన లెక్క ఆయనకుంది. నాలుగుసార్లు నేర్పారు, నాలుగుసార్లూ నేర్చుకుంది, మళ్ళీ పరీక్ష పెట్టేసరికి మొదటికే వచ్చింది. అంటే నేర్పినా నిలవదన్నమాట. ఈ అయిదో రికార్డు మీద కూడా మీ మేడమ్ సంతకం పడితే ఇంక ఎవరూ అడ్డు చెప్పరు అంది టీచరమ్మ.

ఆ పిల్లకి అన్నీ వచ్చండీ అంది పిన్ని. టీచరమ్మ నవ్వి, మీరొచ్చినప్పుడల్లా వస్తుందమ్మా అంది.

ఆ సాయంత్రం ఇంట్లో పిన్ని కూర తరుగుతూ జరిగిందంతా మొగుడికి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. గోళ్ళలో గ్రీజు పోగొట్టుకుంటూ అంతా విన్నాడు. ముందు నవ్వాడు, ఎన్ని తప్పులు కావాలందా, గట్టిపిండమే అని. తర్వాత నవ్వు ఆపేశాడు. ఈ ఏడాది తప్పితే ఉద్యోగానికి వయసు దాటిపోతుందన్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాన్ని పైకి అనలేదు. చివరికి ఆయనే, నువ్వెళ్ళేది ఇంకో మూడు రోజులు, ఆ స్కూలు నీది కాదు, రాసి పడేసి చేతులు దులుపుకో అన్నాడు. పిన్ని గిన్నె పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుని, రికార్డు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది. ప్రీ టెస్ట్ గడిలో పదికి పది అని రాసింది. సమస్య అన్న చోట, ఈ విద్యార్థినికి తీసివేతలో సమస్య లేదు, గత రికార్డులలోని తప్పులు శిక్షణార్థుల కోసం కావాలని చేసినవి అని రాసింది. అంత ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చిందో ఆవిడకే తెలీదు.

*

గురువారం పిన్ని పాపకి ఒకటికి రెండుసార్లు చెప్పింది. రేపు మేడమ్ వస్తుంది, నిన్ను పిలిచినా పిలవచ్చు, అడిగినవన్నీ రైటు చెయ్యాలి, ఒక్కటి కూడా కావాలని తప్పు చెయ్యకూడదు. ఆ చివరి గది సంగతి మాత్రం చెప్పలేదు. ఎనిమిదేళ్ళ పిల్లని ఎందుకు బెదరగొట్టడం అనుకుంది. చెప్పి ఉండాల్సింది.

పాప అంతా విని, "మీరు ఏడుస్తారు టీచర్" అంది.

ఏడవను అంది పిన్ని. ఒట్టా అంది పాప. ఒట్టే అంది పిన్ని.

శుక్రవారం పొద్దున్న మేడమ్ ఆటో దిగింది. ఇంకా మూడు స్కూళ్ళు తిరగాలి, చంకలో అప్పటికే నలభై రికార్డులు. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి, ఖాళీగా ఉన్న ఒకటో తరగతి గదిలో కూర్చుని ఆ స్కూల్లో శిక్షణకొచ్చిన వాళ్ళని ఒక్కొక్కర్నే లోపలికి పిలిచింది. అదే వైవా, నోటి పరీక్ష. పిన్ని వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. పాప గుమ్మం పక్కన నిలబడింది, పిలిస్తే దగ్గర్లో ఉండాలని పిన్నే నిలబెట్టింది.

మేడమ్ రికార్డు తెరవకుండానే, పునర్బలనం అంటే ఏంటో చెప్పు అంది. పిన్నికి కంఠతా వచ్చిన జవాబే. మనం కోరిన ప్రవర్తన కనబడగానే పిల్లలకి మెప్పో బహుమతో ఇస్తే ఆ ప్రవర్తన మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, దాన్ని పునర్బలనం అంటారు అని గడగడా అప్పజెప్పింది. చెబుతూండగానే సువాసనొచ్చే రబ్బరు గుర్తొచ్చి చివరి మాట దగ్గర తడబడింది. మేడమ్ అది గమనించలేదు. బాగా చెప్పావు అని, రికార్డు తెరిచి, రెండు పేజీలు తిప్పి ఆగిపోయింది.

"ఏంటిది? సమస్య లేని పిల్ల మీద కేస్ స్టడీ ఏంటి?"

పిన్ని నిలబడే చెప్పింది, తను చూసిందంతా. నాలుగు రికార్డులు, దిద్దని నోటుపుస్తకం, పదికి పది కాగితం. మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. ఆ నాలుగు రికార్డుల మీదా ఉన్నది ఆవిడ సంతకమే. పిల్లలు కావాలని తప్పు చెయ్యడమేంటి, ఏ పుస్తకంలో ఉందది అంది. నేనిన్నేళ్ళూ గాడిదలు కాశాననుకుంటున్నావా అంది. ఆవిడ గొంతు పెద్దదైంది. "ఇది నేను సంతకం చెయ్యను. రికార్డు లేకపోతే ఏడాది మొత్తం మళ్ళీ చెయ్యాలి. నీ వయసుకి ఇంకో ఏడాది అంటే ఏంటో తెలుసా?"

తెలుసు. పిన్నికి తెలియక కాదు. పెదవి కొరుక్కుని కిందికి చూస్తూ నిలబడింది, కానీ కళ్ళు మాట వినలేదు. పైట కొంగుతో తుడుచుకుంటూ తలెత్తేసరికి గుమ్మంలో పాప తననే చూస్తోంది.

మేడమ్ అన్యాయం మనిషి కాదు. సరే, నీ మాటే ఎందుకు కాదనాలి, ఆ పాపని రమ్మను, నేనే చూస్తాను అంది. పాపని పక్కన కూర్చోబెట్టుకుని, బుగ్గ పుణికి, తెల్లకాగితం మీద అయిదు లెక్కలు తనే వేసిచ్చింది. పిన్ని ఎదురుగా నిలబడి చూస్తోంది. ఎనభై మూడులోంచి నలభై ఆరు. పాప పెన్సిలు ఎనిమిది మీదికి వెళ్ళి, గీత కొట్టబోయి ఆగింది. ఆ ఆగడం పిన్ని ఒక్కతే చూసింది. లెక్క మనసులో చేసేసి, ముప్ఫై ఏడని తెలుసుకుని, అప్పుడు పక్కకి జరిగి నలభై మూడు రాసింది. డెబ్భై ఒకటిలోంచి ముప్ఫై ఎనిమిది. నలభై ఏడు. అయిదింట్లో నాలుగు తప్పు, నాలుగూ ఒకే రకం. కాగితం మేడమ్ వైపు జరిపి, పాప పిన్ని మొహంలోకి చూసి కొంచెం నవ్వింది, ఇంక ఏడవకండి అన్నట్టు.

ఇది కావాలని చేసింది మేడమ్ అంది పిన్ని. మేడమ్ పాప వైపు తిరిగి, కావాలని చేశావామ్మా అని మెత్తగా అడిగింది.

"లేదు మేడమ్. నాకు రాదు."

ఇంక అంతే. మేడమ్ కోపం కూడా పోయింది. పిల్ల మీద మమకారంతో పరీక్షలో సాయం చేసి ఉంటావు, మంచి మనసున్నవాళ్ళు చేసే పొరపాటే అని పిన్నిని ఓదార్చింది. దారి కూడా తనే చూపించింది. ఇవాళ్టి కాగితాన్ని ప్రీ టెస్ట్ చెయ్యి, ఆ పదికి పది కాగితం పోస్ట్ టెస్ట్ చెయ్యి, తేదీలు అటూ ఇటూ మార్చు, మధ్యలో నాలుగు రోజుల బోధన రాయి, పన్నెండున్నరకి తెచ్చి సంతకం పెట్టించుకో అంది. పిన్ని ఒకసారి చెప్పింది, నిజంగా ఆ పిల్లకి వచ్చండీ అని. రెండోసారి చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదని తర్వాత ఎన్నిసార్లు తనని తాను అడుక్కున్నా ఒకటే జవాబు. భయం. ఉద్యోగం రాకుండా పోతుందన్న భయం, అంతకన్నా ఏమీ లేదు.

పాత పేజీలు దారం తెగకుండా జాగ్రత్తగా చింపి, స్టాఫ్ రూములో బల్ల చివర కూర్చుని కొత్తవి రాసింది. మూడు రికార్డుల్లో చూసిన వాక్యాలే, చూడకుండానే చేతికొచ్చేశాయి. ఈ విద్యార్థిని మంద అభ్యాసకురాలు. గ్రాఫు గీసేటప్పుడు మాత్రం గీత వంకరపోయింది, చెరిపి మళ్ళీ గీసింది. మేడమ్ ఆటో ఎక్కబోతూ బాగుంది అని రాసి సంతకం చేసింది. హెడ్మాస్టారు రికార్డు తెప్పించుకుని, అయిదోసారి కూడా అదే కథ అనుకుంటూ లిస్టులో పాప పేరు పక్కన టిక్కు పెట్టి టీచరమ్మకి పంపించారు.

భోజనాల గంట కొట్టాక టీచరమ్మ పాప సంచీ సర్ది పిన్ని చేతికిచ్చింది. నీకు మాలిమైంది కదా, నువ్వు దించొస్తే ఏడవకుండా వెళుతుంది అంది. వరండా పొడుగునా ఇద్దరూ నడిచారు. పాపకి ఏడుపూ లేదు, దిగులూ లేదు. మేడమ్ సంతకం పెట్టిందా అని అడిగింది. పెట్టిందమ్మా అంది పిన్ని. పాప మొహం విప్పారింది. అయిదింటికి నాలుగు తప్పులు సరిపోయాయి టీచర్ అంది.

ఆటసామాను గది దాటాక పాప నడక నెమ్మదైంది. ప్రత్యేక తరగతి తలుపు తెరిచే ఉంది. లోపల ఇద్దరు పిల్లలు చాప మీద పడుకుని ఉన్నారు, ఆయా ఒకడికి ముక్కు తుడుస్తోంది. పాప గుమ్మంలో ఆగి, పిన్ని కొంగు పట్టుకుని, ఎవరూ వినకుండా అడిగింది. ఇక్కడ నాలుగు రోజులుంటే రెండో పరీక్ష పెడతారు కదా, అప్పుడు పదీ రైటు చేసి మా క్లాసుకి వచ్చేస్తాను, ఆ పరీక్ష ఎప్పుడూ అని.

పిన్నికి అబద్ధం చెప్పాలనిపించింది. సోమవారం అనో, వచ్చే నెల అనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పొద్దున్నుంచి రాసిన అబద్ధాలు చాలనిపించింది.

"ఈ గదిలో పరీక్షలుండవమ్మా."

పాప పిన్ని మొహం వైపు చూసింది, లోపలి చాప వైపు చూసింది, మళ్ళీ పిన్ని వైపు చూసింది.

"మరి రైటు ఎప్పుడు చెయ్యాలి టీచర్?"

గేటు బయట కాలేజీ బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. పిన్నీ, వచ్చేయ్ అని ఎవరో కేకేశారు. ఆయా వచ్చి పాప సంచీ అందుకుంది, రామ్మా అని చెయ్యి పట్టుకుంది. పాప లోపలికి నడుస్తూ కూడా తల వెనక్కి తిప్పి జవాబు కోసం చూస్తూనే ఉంది.